బాషా చదివిన నాడి

మొహిద్దీన్ బాషా పదో తరగతి లెక్కల్లో తప్పాడు. ఆ సంగతి దాచుకోలేదు సరిగదా, కొత్తగా పరిచయమైన వాళ్ళెవరికైనా ముందు అదే చెప్పేవాడు. తప్పాడు గనకనే గుంటూరు వెళ్ళి మెడికల్ కాలేజీలో అటెండరుగా చేరాడు. అక్కడ చేరాడు గనకనే, పదో తరగతి గట్టెక్కనివాడి చుట్టూ ఏటా నూటయాభై మంది కాబోయే డాక్టర్లు మూగి, "బాషా భాయ్, మాది సరిగ్గా ఆడటం లేదు, ఒకసారి చూడవా" అని బతిమాలేవాళ్ళు.

వాళ్ళు బతిమాలేది కప్ప గుండె గురించి. ఏ మందు ఒంట్లో ఏ పని చేస్తుందో పిల్లలకి చూపించే ల్యాబు అది. పొద్దున్నే పెదకాకాని నుంచి సైకిలు మీద వచ్చి, మర మీద తిరిగే చిన్న డ్రమ్ము చుట్టూ నున్నటి కాగితం అంటించి, కిరోసిన్ దీపం పొగ మీద దాన్ని తిప్పుతూ కాగితమంతా సమంగా మసి పట్టించడం బాషా మొదటి పని. ఆ తర్వాత ఉప్పులు తూచి, నీళ్ళలో కలిపి, సీసాలకెత్తాలి. కప్ప గుండెకి దారం కట్టి, ఆ దారాన్ని సన్నటి పుల్లకి తగిలిస్తే, గుండె కొట్టుకున్నప్పుడల్లా పుల్ల మొన మసి కాగితం మీద తెల్లటి గీత గీస్తుంది. డ్రమ్ము మెల్లగా తిరుగుతూ ఉంటుంది. గీత పక్కన గీత పడుతూ ఉంటుంది. మందు చుక్క పడిందంటే గీతల నడక మారుతుంది.

ఇరవై ఏళ్ళు ఆ నడకలు చూసి చూసి బాషాకి అవి మనుషుల చేతిరాతల్లాగా గుర్తుండిపోయాయి. అడ్రినలిన్ వేస్తే గీతలు ఎత్తుగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. పొటాషియం ఎక్కువైతే కుంగి కుంగి, గుండె సోలిపోయి వదులుగా ఆగుతుంది. కాల్షియం ఎక్కువైతే దానికి రివర్సు, పిడికిలి బిగించినట్టు బిగుసుకుని ఆగుతుంది. ఇక డిజిటాలిస్ జాతి మందులున్నాయే, అవి మొదట్లో ఎంతో మర్యాదగా ఉంటాయి. గుండెకి బలమిస్తాయి, పరుగు తగ్గించి నిదానంగా నడిపిస్తాయి. మోతాదు కాస్త దాటిందా, తాళం తప్పుతుంది. రెండు గీతలు జంటగా పడతాయి, తర్వాత ఖాళీ. మళ్ళీ జంట, మళ్ళీ ఖాళీ. ఆ జంట గీతలు కనబడగానే బాషా పిల్లల్ని పిలిచి, ఇక ఇంకో చుక్క వెయ్యొద్దని హెచ్చరించేవాడు. వినకుండా వేసినవాళ్ళ కప్ప అక్కడితో సరి.

ఆయనకి ఒక పట్టింపు ఉంది. ప్రాక్టికల్ పరీక్షలో పేరు రాయని సీసా ఇచ్చి, అందులో ఏ మందుందో గీతలు చూసి చెప్పమంటారు. ఏ సీసాలో ఏముందో బాషాకి తెలుసు, ఎందుకంటే నింపింది ఆయనే. అయినా నోరు విప్పేవాడు కాదు. చైతన్యకృష్ణ అనే కుర్రాడు ఒక ఏడాది మూడు కాగితాలు పాడుచేసుకుని, నాలుగోది తెచ్చుకోవడానికి వచ్చినప్పుడు ఏడుపు మొహంతో అడిగాడు, ఏ మందో చెప్పమని. "నన్నడక్కు బాబూ, గీతనడుగు" అన్నాడు బాషా, కాగితం చేతికిస్తూ. కుర్రాడు ఎలాగో పాసయ్యాడు. కానీ ఆ మాట కాలేజీలో చాలాకాలం తిరిగింది.

పెదకాకానిలో బాషా వాళ్ళ గోడకి అవతలి గోడ శివపార్వతిది. ఆమె మిరపకాయలు ఏరే ఆడవాళ్ళ ముఠాకి పెద్ద. కల్లంలో ఎండిన కాయల రాశి ముందు కూర్చుని, రంగు వెలిసి పాలిపోయిన తాలు కాయల్ని ఒక పక్కకి, ఎర్రటి కాయల్ని ఒక పక్కకి తీయడం వాళ్ళ పని. శివపార్వతి చెయ్యి పడిన రాశిలో ఒక్క తాలు కాయ కూడా దొరకదని రైతులకి నమ్మకం. ఆమె మాటలూ కాయల్లాగే ఘాటుగా ఉండేవి. బాషా భార్య జమీలా ఆ ముఠాలోనే పనిచేసేది, ఆమెని వదినా అని పిలిచేది. బాషాకి ఆమె అక్క. ఆమెకి అతను "ఒరేయ్ బాషా".

చిన్నప్పుడు కీళ్ళనొప్పుల జ్వరం వచ్చి శివపార్వతి గుండెలో ఒక కవాటం దెబ్బతింది. ఏభై దాటాక గుండె తాళం లేకుండా కొట్టుకోవడం మొదలుపెట్టింది. గుంటూరు డాక్టరు రెండు బిళ్ళలు రాశాడు. ఒకటి గుండెని నిదానంగా నడిపించే డిగాక్సిన్, డిజిటాలిస్ జాతిదే. రెండోది ఒంట్లో చేరిన నీరు దింపే బిళ్ళ. మొదటిది వారానికి ఐదు రోజులే వేసుకోవాలి, శని ఆదివారాలు మానాలి అని చెప్పాడు. ఎందుకు మానాలో చెప్పాడో లేదో తెలియదు. ఆ బిళ్ళ పడ్డాక ఆయాసం తగ్గి, మళ్ళీ కల్లంలో కూర్చోగలిగింది గనక ఆమెకి దాని మీద దేవుడి మీదున్నంత గురి కుదిరింది.

రెండువేల సంవత్సరం, మార్చి ఆఖరు ఆదివారం. బాషా ఇంట్లో ఉన్నాడు. జమీలా మధ్యాహ్నం అన్నానికి కల్లం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ నవ్వుతూనే ఒక వింత చెప్పింది. పొద్దుట శివపార్వతి వదిన కాయలు ఏరుతూ ఏరుతూ మంచి కాయలన్నీ తీసి తాలు కుప్పలో పోసిందట. కల్లం యజమాని చెంచురామయ్య గారు చూసి, "ఏంటి పార్వతీ, బంగారంలాంటి కాయల్ని తాలులో పడేస్తున్నావు" అంటే, "బంగారమే, పచ్చగా ఉన్నాయి, మీరు ఆరబెట్టడం చేతగాక రంగు పోగొట్టారు" అని ఎదురు తిరిగిందట. ఇద్దరూ మాటా మాటా అనుకున్నారట. ఆమె పక్కనున్న ఆడవాళ్ళంతా కాయలు ఎర్రగానే ఉన్నాయని చెప్పినా వినలేదట. పైగా జమీలా కట్టుకున్న తెల్లచీర చూసి, దీన్ని పసుపులో ఎప్పుడు ముంచావే అని అడిగిందట.

బాషా ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. అక్కకి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు.

ఏం బాగుంది, నాలుగు రోజుల నుంచి విరేచనాలు, నిన్నటికి కట్టుకున్నాయిగానీ వాంతులు పట్టుకున్నాయి, మజ్జిగ కూడా ఇమడటం లేదు, వద్దంటున్నా పనికొచ్చింది, కాసేపటికే కళ్ళు తిరిగి పడబోతే ఇంటికి పంపించాం అని చెప్పింది జమీలా. ఊళ్ళో వైద్యం చేసే త్రినాథ్ గారికి కబురు కూడా పెట్టారని చెప్పింది.

డిజిటాలిస్ పాఠం చెప్పే రోజు ప్రొఫెసరు జ్యోతిర్మయి మేడమ్ ఏటా ఒకే మాట అనేది. ఈ మందు ఎక్కువైన మనిషికి అన్నం సయించదు, వాంతులవుతాయి, లోకం పచ్చగా కనబడుతుంది, గుండె జంటలు కొడుతుంది. ల్యాబులో మూల స్టూలు మీద కూర్చుని బాషా ఆ మాట ఇరవైసార్లు విని ఉంటాడు. కప్పకి లోకం ఏ రంగులో కనబడేదో ఎవరూ అడగలేదు గనక ఆ ముక్క ఆయనకి ఎప్పుడూ కథలాగే ఉండేది. ఇప్పుడది గోడ అవతల కూర్చుని ఉంది. చెయ్యి కడుక్కుని లేచాడు.

శివపార్వతి వసారాలో చాప మీద పడుకుని ఉంది. పక్కన ఊరి ఆర్.ఎం.పి. త్రినాథ్ కూర్చుని సిరంజిలోకి మందెక్కిస్తున్నాడు. త్రినాథ్ మంచివాడు. పిలిస్తే పలుకుతాడు, హస్తవాసి ఉన్నవాడని పేరు. నీరసం బాగా ఉంది, కాల్షియం ఒకటి నరానికి ఇస్తే తేరుకుంటుంది అన్నాడు.

బాషా చాప పక్కన కూలబడి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. వేళ్ళ కింద నాడి రెండు కొట్టి ఆగింది. మళ్ళీ రెండు కొట్టి ఆగింది. కళ్ళు మూసుకుంటే మసి కాగితం మీద తెల్లటి జంట గీతలు కనబడ్డాయి. బిళ్ళలు వేసుకుంటున్నావా అక్కా అని అడిగాడు. ఒక్కటి కూడా మానలేదని ఆమె నీరసంలోనూ గర్వంగానే చెప్పింది. ఒంట్లో బాగాలేదు గదా అని నిన్నా ఇవాళా కూడా వేసుకుందట. శనీ ఆదీ మానడం మామూలుగా ఉన్నప్పటి మాట గదా అని ఆమె లెక్క.

త్రినాథ్ ఆమె జబ్బకి రబ్బరు తాడు కట్టబోయాడు. బాషా ఆ తాడు మీద చెయ్యి వేశాడు.

"త్రినాథ్ గారూ, ఈ సూది వద్దండి. అక్క డిగాక్సిన్ మీద ఉంది. అది ఎక్కువైనట్టుంది. దాని మీద కాల్షియం పడితే గుండె ఏమవుతుందో నేను వందసార్లు చూశాను."

"ఎక్కడ చూశావు?"

"కప్పల్లో. మనుషుల్లో చూడలేదు. అక్కలో చూడాలని లేదు నాకు."

వసారాలో పదిమంది చేరారు. అందరి ముందూ ఒక అటెండరు వచ్చి సూది ఆపమంటున్నాడు. ఇంకొకడైతే పౌరుషానికి పోయేవాడే. త్రినాథ్ తానూ నాడి పట్టుకుని నిమిషం సేపు వాచీ చూశాడు. నలభైనాలుగే కొట్టింది. సూదికి మూత పెట్టి బ్యాగులో వేసుకుని, ఆటో పిలవమన్నాడు. ఆటోలో తనే ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు.

ఆదివారం కావడంతో ఊళ్ళోని శివుడి గుడికొచ్చిన వాళ్ళ ట్రాక్టర్లు, వ్యాన్లు రోడ్డు నిండా ఉన్నాయి. పొంగళ్ళ పొయ్యిల పొగలోంచి ఆటో ఒక్కో అడుగే కదిలింది. బాషా ఆమె చెయ్యి వదల్లేదు. జంటల మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా ఆయన ఊపిరీ ఆగేది. శివపార్వతి ఒకసారి కళ్ళు తెరిచి, "ఒరేయ్, నా చెయ్యి విరగ్గొడతావా ఏంటి" అంది. ఆ మాట వినగానే ఆయనకి సగం ప్రాణం లేచొచ్చింది.

గుంటూరు పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో తెల్లకోటు వేసుకుని నిలబడ్డది చైతన్యకృష్ణ. మూడు కాగితాలు పాడుచేసిన కుర్రాడే, ఇప్పుడు హౌస్ సర్జన్. వాంతులు, విరేచనాలు అనగానే వాటికే చీటీ రాయబోయాడు. కాయలు పచ్చగా కనబడ్డ సంగతి బాషా చెప్పేసరికి కలం ఆపాడు. ఈసీజీ తీయించాడు. యంత్రంలోంచి గులాబీ గళ్ళ కాగితం మెల్లగా బయటికొస్తుంటే ఇద్దరూ పక్కపక్కనే వంగి చూశారు. జంట, ఖాళీ. జంట, ఖాళీ.

"అడగక్కర్లేదు భాయ్," అన్నాడు చైతన్యకృష్ణ. "గీతే చెప్తోంది."

పెద్ద డాక్టర్ని పిలిపించారు. రెండు బిళ్ళలూ ఆపారు. రక్తం పరీక్షకి పంపితే పొటాషియం బాగా తగ్గి ఉంది. సెలైనులో పొటాషియం కలిపి, చుక్క చుక్కగా, మానిటరు మీద కన్ను వేసి ఎక్కించారు. సోమవారం మధ్యాహ్నానికి జంటలు చెదిరిపోయాయి. మంగళవారానికి శివపార్వతి గుండె తన పాత అడ్డదిడ్డపు నడక అందుకుంది. ఆ నడకే ఆమెకి మామూలు గనక అందరూ సంతోషించారు. జమీలా కొంగున ముడేసి తెచ్చిన గుప్పెడు మిరపకాయలు మంచం మీద పోసి, రంగు చెప్పమంది. శివపార్వతి ఒక్కో కాయా వేళ్ళతో తిప్పి చూసి, రెండు తీసి పక్కన పెట్టి, ఇవి తాలు, మిగతావి ఎరుపు అంది. నర్సులు కూడా వచ్చి చూశారు. ఆ రెండూ తాలు కాయలే.

ఆ సాయంత్రం జ్యోతిర్మయి మేడమ్ వార్డుకి వచ్చింది. ఆమె గుంటూరులోనే పుట్టి పెరిగిన మనిషి. రోగులతో మాట్లాడేటప్పుడు పుస్తకం భాష పక్కన పెట్టేసేది. మోతాదు పెద్దగా మారకుండా మందు ఎలా ఎక్కువైందని బాషా అడిగితే, శివపార్వతికి కూడా అర్థమయ్యేలా స్టూలు లాక్కుని చెప్పింది.

ఒంట్లో తిరిగే రక్తం అన్ని అవయవాలకీ ఒకేలా అందదు. అన్నం తిన్నాక పొట్టకి ఎక్కువ వెళ్తుంది, పనిచేస్తుంటే కండలకి ఎక్కువ వెళ్తుంది. విరేచనాలై ఒంట్లో నీరు తగ్గినప్పుడు, ఉన్న రక్తాన్ని పొదుపుగా వాడాలి. అప్పుడు మెదడు, గుండె తమ వాటా తగ్గనివ్వవు. వాటి రక్తనాళాలు వెడల్పై ఎలాగో తమ పాలు తెచ్చుకుంటాయి. చర్మానికి, పేగులకి వెళ్ళే నాళాలు బిగుసుకుంటాయి. అందుకే ఒళ్ళు చల్లబడుతుంది. కిడ్నీ కూడా కొంతవరకు తన వాటా నిలబెట్టుకోవాలనే చూస్తుంది. కరువు మరీ ముదిరితే దానికీ కోత పడుతుంది. డిగాక్సిన్‌ని బయటికి పంపేది ఆ కిడ్నీయే. దానికి రక్తం తగ్గిందంటే రోజూ వేసుకునే బిళ్ళే ఒంట్లో పేరుకుంటుంది. శనీ ఆదీ మానమనేదీ అలా పేరుకోకుండానే. దానికి తోడు విరేచనాలూ నీళ్ళ బిళ్ళా కలిసి పొటాషియాన్ని ఊడ్చేశాయి. పొటాషియం తగ్గిన గుండెని ఆ మందు ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

శివపార్వతి అంతా విని, "అంటే అన్నం చాలనప్పుడు కోడలి కంచంలో కోత పెట్టినట్టన్నమాట" అంది. "పనంతా చేసేది అదేనాయె."

మేడమ్ నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరుసటేడు నుంచి ఆ పాఠంలో ఆ మాట కూడా చేరింది.

జులైలో మేడమ్ బాషానీ శివపార్వతినీ ఇద్దర్నీ క్లాసుకి పిలిచింది. ఇరవై ఏళ్ళుగా వెనక మూల స్టూలు మీద కూర్చున్న బాషా మొదటిసారి బోర్డు ముందు నిలబడ్డాడు. చాక్‌పీసు తీసుకుని జంట గీతలు గీశాడు. గీశాక మాట అదే వచ్చింది. వసారా, సూది, ఆటో అన్నీ చెప్పాడు. త్రినాథ్ గారు సూది పక్కన పెట్టకపోతే తన చదువు ఎందుకూ పనికొచ్చేది కాదని కూడా చెప్పాడు. తర్వాత శివపార్వతి లేచింది. బిళ్ళ రాసిచ్చేటప్పుడు ఎప్పుడు వేసుకోవాలో చెప్తారు, ఎప్పుడు మానాలో ఎందుకు చెప్పరు అని నూటయాభై మందినీ నిలదీసింది. శనీ ఆదీ ఎందుకు మానాలో తెలిస్తే నేను వేసుకునేదాన్నా అని అడిగింది. మా చదువు తక్కువ గనక మాకు రెండుసార్లు చెప్పాలి, మీ చదువు ఎక్కువ గనక మీకు విసుగు రాకూడదు అంది. పిల్లలు బల్లలు చరిచారు.

చెంచురామయ్య గారితో తగువు కూడా తీరింది. తీరడమంటే, ఆమె క్షమాపణ ఏమీ చెప్పుకోలేదు. ఆయనే ఆసుపత్రికి కమలాపళ్ళు తెచ్చి, నీ కళ్ళు తేడా చేశాయిగానీ మా కాయలు మంచివేనని నలుగురిలో ఒప్పుకోమన్నాడు. ఆమె పళ్ళు తీసుకుని, వచ్చే ఏడు కాయలు చూసి చెప్తానంది.

రెండువేల ఐదు ప్రాంతంలో ల్యాబుకి కంప్యూటర్లు వచ్చాయి. కప్పల్ని కోయడం ఆపేశారు. మసి డ్రమ్ముల్ని గుడ్డలు కప్పి స్టోరులో పెట్టారు. చాలామంది బాషా బాధపడతాడనుకున్నారు. ఆయన మాత్రం కప్పల తొట్టి ఖాళీ అయిన రోజు స్వీట్లు పంచాడు. అన్నేళ్ళూ పొద్దున తొట్టి మూత తీసేటప్పుడు మనసులో మాఫీ అడుక్కునేవాడినని అప్పుడు చెప్పాడు. మౌసు పట్టుకోవడం నెలరోజుల్లో నేర్చుకున్నాడు. కంప్యూటరులో డిజిటాలిస్ గీతలు చూసి మాత్రం పెదవి విరిచాడు. మరీ వరసగా, అచ్చుగుద్దినట్టు ఉన్నాయి, నిజం గుండె ఇంత మర్యాదగా తాళం తప్పదు అన్నాడు. అందుకని పాత రోజుల్లో మసి రాలకుండా లక్క పూసి దాచిన అసలు మసి కాగితాలు పన్నెండింటిని మేడమ్ ఫ్రేములు కట్టించి గోడకి వేయించింది. పిల్లలు కంప్యూటరు చూశాక వాటి ముందుకొచ్చి నిలబడాలి. వాటి కింద మందుల పేర్లు రాయలేదు. పేర్లు రాయొద్దని పట్టుబట్టింది బాషాయే.

రెండువేల ఎనిమిదిలో రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చోనిస్తేనా. గుండె బిళ్ళలు వేసుకునేవాళ్ళు పెదకాకానిలో పదిహేనుమంది దాకా తేలారు. ఆదివారం పొద్దున్న త్రినాథ్ వసారాలో ఒక బల్ల వేసి, ఇద్దరూ కలిసి వాళ్ళ నాడి చూసి, నిమిషానికి ఎంతో చీటీ మీద రాసిచ్చేవాళ్ళు. మందు మార్చడం, ఆపడం వాళ్ళ పని కాదు. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళమనడం, మానాల్సిన రోజులకి క్యాలెండరులో గుర్తు పెట్టడం, అంతే. తేడా కనబడ్డ చీటీలు చైతన్యకృష్ణ దగ్గరికి వెళ్ళేవి. ఆయన అప్పటికి మంగళగిరిలో సొంత క్లినిక్కు పెట్టాడు. వరస సరిచేయడం, చెప్పులు బయట విప్పించడం శివపార్వతి తీసుకున్న పని. ఎవరూ అప్పగించలేదు.

ఒక ఆదివారం అందరూ వెళ్ళాక, బల్ల మడుస్తుంటే జమీలా వచ్చి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. ఊళ్ళో అందరి చేతులూ పట్టుకున్నారు, నా చెయ్యి ఏనాడన్నా పట్టుకుని చూశారా అని అడిగింది.

బాషా తడబడ్డాడు. నిజమే, చూడలేదు. బల్ల మళ్ళీ పరిచి, వాచీ తీసి పెట్టుకుని, ఆమె మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించాడు. ఇరవై దాకా లెక్కపెట్టేసరికి ఆమె గోంగూరలోకి ఎండుమిర్చి ఇంకా ఎన్ని వేయాలని అడిగింది. లెక్క పోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి ముప్ఫై అయ్యేసరికి, చిలకలూరిపేట నుంచి చెల్లెలు వస్తానందని గుర్తుచేసింది. మళ్ళీ లెక్క పోయింది.

"కాసేపు మాట్లాడకుండా ఉండవే," అన్నాడు.

"నాకేం తొందర లేదు," అంది జమీలా. "మెల్లగా చూడండి."